వరవట్టి పిల్లాడు.. పదహారు వేల పంతుళ్లు

ఇల్లు కాలింది బీదర్ జిల్లాలో.. బతుకు నిలిచింది కలబురగిలో.. ఓటేసి గెలిపించింది తెలుగు వినిపించే గుర్మిట్కల్
విద్యాశాఖతో మొదలైన మల్లికార్జున ఖర్గే మంత్రి ప్రస్థానం

బీదర్: పాతబస్తీలో చౌబారా దాటి కోట వైపు నాలుగడుగులు వేస్తే మహమూద్ గవాన్ మదరసా ఎదురవుతుంది. సగం కూలినా ఠీవి తగ్గని కట్టడం. గోడలకు అతికించిన నీలి, ఆకుపచ్చ పెంకులు ఇప్పటికీ అక్కడక్కడ మెరుస్తుంటాయి. బహమనీ సుల్తానుల దగ్గర ప్రధానమంత్రిగా పనిచేసిన గవాన్ 1472లో దీన్ని కట్టించాడు. పుస్తకాలు, పండితులు, విద్యార్థులతో దక్కన్‌లోనే పేరు మోసిన చదువుల నిలయమైంది. కట్టించిన తొమ్మిదేళ్లకే, 1481లో అదే గవాన్‌కు సుల్తాను మరణశిక్ష వేశాడు. మంత్రి పోయాడు, బడి మిగిలింది.

బీదర్‌లో చదువు, మంత్రి అనే రెండు మాటలు కలిపి పలికితే అందరికీ ముందు గుర్తొచ్చేది ఆయనే. అయితే ఆ తర్వాత ఐదు వందల ఏళ్లకు ఇదే జిల్లాలో పుట్టిన మరొకాయన చదువుల మంత్రి అయ్యారు. గవాన్‌లా ఆయన పెంకులు మెరిసే బడి కట్టలేదు. కానీ పల్లెటూరి బడుల్లోకి పంతుళ్లను పంపారు. అదీ తరతరాలుగా బడి గడప తొక్కనివ్వని వాడల నుంచి! ఆయనే మల్లికార్జున ఖర్గే.

ఖర్గే అనగానే ఇప్పటివాళ్లకు కాంగ్రెస్ అధ్యక్ష పదవి గుర్తొస్తుంది. కొంచెం వయసు మళ్లినవాళ్లకు రైల్వే మంత్రి, రాష్ట్ర హోంమంత్రి గుర్తొస్తారు. ఆయనకు దక్కిన తొలి మంత్రి పదవి ప్రాథమిక విద్యాశాఖ అన్న సంగతి మాత్రం చాలామందికి తెలియదు. ఆ పదవిలో ఉన్నది కొద్దికాలమే. అయినా యాభై ఏళ్ల రాజకీయంలో ఆయన చేసిన పనుల లెక్క తీస్తే ముందు వరుసలో నిలిచేది ఆ కాలంలోదే.

కాలిన ఇల్లు

భాల్కి తాలూకాలోని వరవట్టి ఖర్గే పుట్టిన ఊరు. పుట్టినరోజు 1942 జులై 21. తండ్రి మాపన్న, తల్లి సాబవ్వ. అప్పటికి బీదర్ నిజాం రాజ్యంలోని జిల్లా. కచేరీలో ఉర్దూ, ఇంట్లో కన్నడమో, మరాఠీయో, తెలుగో. దళితుల ఇళ్లలో మాత్రం ఏ భాషలోనూ పుస్తకం ఉండేది కాదు.

1948లో రజాకార్ల దాడులు సాగుతున్న రోజులవి. వరవట్టిలో ఖర్గే ఇంటికి నిప్పు పెట్టారు. తల్లి, చెల్లెలు మంటల్లో చనిపోయారు. పొలానికి వెళ్లిన తండ్రి సంగతి తెలిసి పరుగెత్తుకొచ్చేసరికి చేతికి దక్కింది కొడుకు ఒక్కడే. ఖర్గేకు అప్పుడు ఆరేడేళ్లు. ఈ ఉదంతాన్ని ఆయన కుమారుడు ప్రియాంక్ ఖర్గే 2022లో తండ్రి కాంగ్రెస్ అధ్యక్షుడైన సందర్భంలో వివరంగా చెప్పారు. అంతకుముందు ఖర్గే దాన్ని పెద్దగా బయటకు చెప్పుకొన్నదీ లేదు, ఓట్ల కోసం వాడుకున్నదీ లేదు.

2024 నవంబరులో మహారాష్ట్ర ఎన్నికల ప్రచారంలో ఉత్తరప్రదేశ్ ముఖ్యమంత్రి యోగి ఆదిత్యనాథ్ ఈ విషయం లేవనెత్తారు. ఓట్ల కోసమే ఖర్గే దాన్ని దాచుకుంటున్నారన్నది ఆయన విమర్శ. ఆ ఘోరం చేసింది రజాకార్లని, దాన్ని ఒక మతం మొత్తానికి అంటగట్టలేమని ప్రియాంక్ జవాబిచ్చారు. బీదర్ జిల్లావాసులకు ఈ మాట లోతు తెలుసు. పోలీసు చర్యకు ముందు రజాకార్ల దాడులు చూసిన ఈ జిల్లా, ఆ తర్వాత ముస్లింల మీద జరిగిన ప్రతీకార దాడులనూ చూసింది. కేంద్రం పంపిన సుందర్‌లాల్ కమిటీ ఎక్కువ నష్టపోయిన జిల్లాలుగా ఉస్మానాబాద్, గుల్బర్గా, నాందేడ్‌లతో పాటు బీదర్ పేరునూ రాసింది. రెండు వైపులా కాలిన ఇళ్లున్న నేల ఇది.

ఇల్లు పోయాక తండ్రీకొడుకులు వరవట్టిలో ఉండలేకపోయారు. చివరికి గుల్బర్గా చేరారు. మాపన్న అక్కడి ఎంఎస్‌కే మిల్లులో కూలీగా కుదిరారు. కొడుకును బడికి పంపారు. బీదర్ జిల్లా వదులుకున్న పిల్లాడిని గుల్బర్గా ఈ విధంగా తనవాడిని చేసుకుంది.

మూడు ముక్కలైన జిల్లా

ఖర్గే చదువుకుంటున్న రోజుల్లోనే బీదర్ జిల్లా రూపం మారిపోయింది. 1956 నవంబరు 1న భాషా రాష్ట్రాలు ఏర్పడినప్పుడు పాత బీదర్ మూడు ముక్కలైంది. బీదర్, భాల్కి, హుమ్నాబాద్, ఔరాద్ మైసూరు రాష్ట్రంలోకి వచ్చాయి. ఉద్గీర్, నిలంగా, అహ్మద్‌పూర్ మరాఠీ ప్రాంతం వైపు వెళ్లాయి. జహీరాబాద్, నారాయణఖేడ్ ఆంధ్రప్రదేశ్‌లోని మెదక్ జిల్లాలో కలిశాయి. అప్పటిదాకా ఒకే జిల్లా కచేరీకి తిరిగిన వియ్యంకులు ఒక్కరోజులో పొరుగు రాష్ట్రాలవాళ్లయ్యారు.

గీత పడింది గానీ తెలుగు మాట గీత దగ్గర ఆగలేదు. బీదర్ బజార్లోనూ, ఔరాద్ సంతలోనూ తెలుగు వినిపించడానికి కారణం అదే. అయితే ఒక చిక్కు వచ్చింది. హైదరాబాద్ రాజ్యంలో వెనకబాటు అందరిదీ కాగా, గీత పడ్డాక ఎవరి వెనకబాటు వాళ్లదే అయింది. మైసూరు రాష్ట్రంలో కలిసిన బీదర్, గుల్బర్గా, రాయచూరు జిల్లాలు మహారాజుల కాలం నుంచి బడులు, కాలేజీలు చూసిన దక్షిణాది జిల్లాలతో పోటీ పడాల్సి వచ్చింది. పరుగు పందెంలో ఒకరు మైలు ముందు నిలబడి ఉంటే ఎలా ఉంటుందో, అలాంటి పోటీ అది. ఖర్గే రాజకీయం మొత్తం ఈ తేడా చుట్టూనే తిరిగింది.

మిల్లు గేటు దగ్గర లాయరు

నూతన్ విద్యాలయలో బడి చదువు, ప్రభుత్వ కళాశాలలో బీఏ, సేఠ్ శంకర్‌లాల్ లాహోటి లా కాలేజీలో న్యాయశాస్త్రం.. అన్నీ గుల్బర్గాలోనే. డిగ్రీ రోజుల్లోనే విద్యార్థి సంఘానికి ప్రధాన కార్యదర్శిగా గెలిచారు. తర్వాతి కాలంలో సుప్రీంకోర్టు న్యాయమూర్తి అయిన శివరాజ్ పాటిల్ దగ్గర జూనియర్‌గా నల్లకోటు వేసుకున్నారు.

కేసులు మాత్రం ఎక్కువగా కార్మికులవే. 1969లో ఎంఎస్‌కే మిల్లు ఉద్యోగుల సంఘానికి న్యాయ సలహాదారయ్యారు. తండ్రి కూలి చేసిన మిల్లు గేటు దగ్గరికే కొడుకు లాయరుగా వచ్చాడన్నమాట! అదే ఏడాది కాంగ్రెస్‌లో చేరారు. గుల్బర్గా నగర కాంగ్రెస్ అధ్యక్షుడయ్యారు.

1972లో గుర్మిట్కల్ నుంచి శాసనసభకు పోటీ చేసి గెలిచారు. అప్పటికింకా రాష్ట్రం పేరు మైసూరే. కర్ణాటక అని పేరు మారింది మరుసటి ఏడాది నవంబరు 1న. గుర్మిట్కల్ ఎక్కడో కాదు, నారాయణపేట పక్కనే. పొద్దున కన్నడంలో పలకరించిన మనిషి సాయంత్రం తెలుగులో బేరమాడే ఊళ్లు అవి. ఆ నియోజకవర్గం ఆయన్ని వరసగా ఎనిమిదిసార్లు గెలిపించింది. ఖర్గే రాజకీయ పునాదిలో తెలుగువాళ్ల ఓట్లు కూడా ఉన్నాయని చెప్పడానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు.

ఆనాటి ముఖ్యమంత్రి దేవరాజ్ అర్స్. వెనకబడిన కులాలు, దళితుల నుంచి కొత్త ముఖాలను ఏరి ముందుకు తెస్తున్న కాలం. 1973లో ఆక్ట్రాయ్ రద్దుపై వేసిన కమిటీకి కొత్త ఎమ్మెల్యే ఖర్గేను అధ్యక్షుడిని చేశారు. 1974లో తోలు పరిశ్రమల అభివృద్ధి సంస్థ ఛైర్మన్ పదవి ఇచ్చారు. చెప్పులు కుట్టేవాళ్లకు పని చేసుకునే షెడ్డు, ఉండటానికి ఇల్లు ఒకేచోట కట్టించే పథకం అప్పుడే అమలైంది.

ఆ కొద్దికాలం

1976లో ఖర్గే ప్రాథమిక విద్యాశాఖ సహాయ మంత్రి అయ్యారు. వయసు 34 ఏళ్లు. దేశంలో ఎమర్జెన్సీ నడుస్తోంది. పత్రికల నోళ్లు మూతపడ్డాయి, ప్రతిపక్ష నేతలు జైళ్లలో ఉన్నారు. ఆ చీకటి ఒకవైపు. అదే సమయంలో బెంగళూరు విధానసౌధలో ఒక యువ మంత్రి బల్ల మీదికి ఖాళీల లెక్క వచ్చింది.

బ్యాక్‌లాగ్ అనే మాట ఉద్యోగార్థులకు కొత్త కాదు. అదెలా పుడుతుందో చూస్తేనే ఖర్గే చేసిన పని విలువ తెలుస్తుంది. ఎస్సీ, ఎస్టీలకు ఇన్ని పోస్టులు అని కాగితం మీద రిజర్వేషన్ ఉంటుంది. నియామకాల సమయంలో ‘తగిన అభ్యర్థి దొరకలేదు’ అని ఒక వాక్యం రాసి పోస్టును ఖాళీగా ఉంచేస్తారు. మరుసటి ఏడాది మరికొన్ని. ఆ తర్వాత ఇంకొన్ని. చట్టాన్ని ఎవరూ కాదనరు, ఉద్యోగం మాత్రం ఎవరికీ రాదు. వడ్డీ మీద వడ్డీ పేరుకున్నట్లు ఖాళీలు పేరుకుపోతాయి.

కర్ణాటక ప్రాథమిక బడుల్లో ఇలా పేరుకున్న ఎస్సీ, ఎస్టీ టీచరు పోస్టులు 16 వేలకు పైనే! ఖర్గే మంత్రిగా ఉండగా వాటిని నేరుగా నియామకాలు జరిపి భర్తీ చేశారు. దాంతోపాటు ఎస్సీ, ఎస్టీ యాజమాన్యాలు నడిపే బడులకు తొలిసారి ప్రభుత్వ గ్రాంటు అందింది. అంతవరకు గ్రాంటు తెచ్చుకునే బడులంటే మఠాలవి, మిషనరీలవి, పలుకుబడి ఉన్న సంఘాలవి.

పదహారు వేలంటే పదహారు వేల జీతాలు మాత్రమే కాదు. ఒక్క టీచరు ఉద్యోగంతో ఆ ఇంట్లో నెలనెలా డబ్బు చూసే తొలి తరం మొదలవుతుంది. తమ్ముడు కాలేజీకి వెళతాడు. చెల్లెలు పదో తరగతి దాటుతుంది. ఊళ్లో మరో మార్పూ వస్తుంది. నిన్నటిదాకా పేరుకు చివర ‘గా’ తగిలించి పిలిచినవాళ్లు ‘సార్’ అనాల్సి వస్తుంది. పటేల్ కొడుకైనా, పాలేరు కొడుకైనా పలక మీద ఆయన దిద్దించిన అక్షరమే దిద్దాలి. బావి దగ్గర, గుడి దగ్గర చట్టాలు చేయలేని పనిని బడి గదిలో ఒక నల్లబల్ల చేసింది. దళిత రాజకీయంలో ఖర్గేకున్న పేరుకు ఇదీ మూలం.

విమర్శ లేకపోలేదు. ఒక్కసారిగా ఇంతమందిని తీసుకుంటే బోధన నాణ్యత ఏమిటన్న వాదన ఇలాంటి భర్తీలన్నిటికీ ఎదురయ్యేదే. కానీ పంతులే లేని బడిలో నాణ్యత మాట ఎత్తేదెక్కడ? అది జవాబు లేని ప్రశ్నగానే మిగిలింది.

భూమి, పంచాయతీ, హోం

1977 డిసెంబరు చివర్లో రాష్ట్రపతి పాలన వచ్చింది. 1978లో మళ్లీ గెలిచిన ఖర్గేకు అర్స్ ఈసారి గ్రామీణాభివృద్ధి, పంచాయతీరాజ్ అప్పగించారు. 1980లో గుండూరావు మంత్రివర్గంలో రెవెన్యూ మంత్రి. దున్నేవాడికి భూమి చట్టం కింద రైతులకు హక్కులు తేల్చే భూ ట్రైబ్యునళ్ల పని ఆయన చేతికొచ్చింది. నాలుగు వందలకు పైగా ట్రైబ్యునళ్లు పనిచేసిన కాలం అది. 1990లో బంగారప్ప దగ్గర రెవెన్యూ, పంచాయతీరాజ్, 1992 నుంచి వీరప్ప మొయిలీ దగ్గర సహకారం, పరిశ్రమలు.. ఇలా శాఖలు మారాయి. గుర్మిట్కల్ మాత్రం మారలేదు. 1983, 85, 89, 94, 99, 2004.. ఎన్నిక ఏదైనా గెలుపు ఆయనదే. కన్నడంలో ‘సోలిల్లద సరదార’ అన్నారు. ఓటమి ఎరుగని సర్దార్ అని అర్థం.

1999లో ఎస్.ఎం.కృష్ణ ప్రభుత్వంలో హోంమంత్రి అయ్యారు. పదవి చేపట్టిన మరుసటి ఏడాదే, 2000 జులై 30న కన్నడ కంఠీరవుడు రాజ్‌కుమార్‌ను వీరప్పన్ ఎత్తుకుపోయాడు. 108 రోజుల తర్వాత నవంబరులో విడుదలయ్యేదాకా రాష్ట్రమంతా ఊపిరి బిగబట్టింది. ఆ తర్వాత కావేరి గొడవలు. అగ్గి మీద నడిచినట్లు సాగింది ఆ హోంమంత్రి పదవి.

అందని అందలం

ఇన్ని పదవులొచ్చినా రాష్ట్రంలో ఒక్క కుర్చీ మాత్రం ఖర్గేకు అందలేదు. అదే ముఖ్యమంత్రి పీఠం. 1999 ఎన్నికల ముందు ప్రతిపక్ష నేతగా సభలో పార్టీని నడిపింది ఆయనే. గెలిచాక సీఎం అయ్యింది ఎస్.ఎం.కృష్ణ. 2004లో మళ్లీ పేరు వినిపించింది. ఆ కుర్చీ ధరంసింగ్‌కు వెళ్లింది. 2013లో కాంగ్రెస్ గెలిచినప్పుడూ ఖర్గే పేరు నలిగింది. సిద్ధరామయ్య ముఖ్యమంత్రి అయ్యారు. దళిత ముఖ్యమంత్రి అన్న నినాదం కర్ణాటకలో ఎప్పుడు లేచినా దానికి మొదటి పేరు ఖర్గేదే. చివరకు తేలేది మాత్రం మరొకరు.

చిత్రమేమిటంటే 2004లో తనకు బదులు సీఎం అయిన ధరంసింగ్ ఆయనకు ప్రాణమిత్రుడు. జేవర్గి నుంచి ధరంసింగ్, గుర్మిట్కల్ నుంచి ఖర్గే. ఇద్దరినీ హైదరాబాద్ కర్ణాటక లవకుశులని పిలిచేవారు. మిత్రుడి మంత్రివర్గంలో ఖర్గే రవాణా, జలవనరుల శాఖలు చూశారు. ధరంసింగ్ 2009లో బీదర్ నుంచే లోక్‌సభకు వెళ్లారు. 2017లో కన్నుమూశారు.

ఆ లోటు మనసులో లేదని ఖర్గే అనలేదు. 2025 జులైలో విజయపురలో జరిగిన ఓ సభలో 1999 నాటి సంగతి తలచుకున్నారు. తాను ఏళ్లపాటు పడిన కష్టం నీళ్లపాలైందని, ఎన్నికలకు కొద్ది నెలల ముందు వచ్చిన కృష్ణ ముఖ్యమంత్రి అయ్యారని చెప్పుకొచ్చారు. పాతికేళ్లు దాటినా గాయం పచ్చిగానే ఉందని ఆ మాటలే చెప్పాయి.

తెలంగాణకు డి.. ఇక్కడ జె

నియోజకవర్గాల పునర్విభజనతో 2008లో ఖర్గే చిత్తాపూర్‌కు మారారు. అక్కడా గెలిచి తొమ్మిదో విజయం నమోదు చేసుకున్నారు. 2009లో గుల్బర్గా నుంచి లోక్‌సభకు వెళ్లి కేంద్ర కార్మిక మంత్రి అయ్యారు. కలబురగికి ఈఎస్ఐ వైద్య కళాశాల వచ్చింది ఆ పదవి వల్లే.

అంతకంటే పెద్ద పని 371(జె). సరిహద్దు దాటి చదువుకునే, కొలువు చేసే తెలుగు కుటుంబాలకు దీని అక్క 371(డి) బాగా తెలుసు. 1969 తెలంగాణ, ఆ తర్వాతి ఆంధ్ర ఉద్యమాల మీదట ఆరు సూత్రాల పథకం వచ్చి, 1973లో 32వ సవరణగా ఆంధ్రప్రదేశ్‌కు దక్కిన రక్షణ అది. లోకల్, నాన్‌లోకల్ అనే మాటలు అందులోంచే పుట్టాయి. పాత హైదరాబాద్ రాజ్యంలోని తెలుగు ముక్కకు దొరికిన రక్షణ కన్నడ ముక్కకు ఎందుకు లేదన్నదే ఇక్కడివాళ్ల ప్రశ్న. చించోళి నేత వైజనాథ్ పాటిల్ లాంటివాళ్లు ఏళ్ల తరబడి పోరాడారు. రాష్ట్రంలో ప్రాంతాల మధ్య తేడాలపై డి.ఎం.నంజుండప్ప కమిటీ 2002లో నివేదిక ఇచ్చింది. అత్యంత వెనకబడిన తాలూకాలు 39 అని తేల్చితే, అందులో 21 గుల్బర్గా డివిజన్‌లోనే ఉన్నాయి. ఎన్డీయే హయాంలో కేంద్రం ఈ కోరికను కాదంది.

ఖర్గే కేంద్రంలో మంత్రిగా ఉండగా 2012 డిసెంబరులో 98వ రాజ్యాంగ సవరణ పార్లమెంటు ఆమోదం పొందింది. బీదర్, గుల్బర్గా, యాదగిర్, రాయచూరు, కొప్పళ, బళ్లారి జిల్లాలకు ప్రత్యేక హోదా దక్కింది. దాని కింద ఈ ప్రాంతంలోని ఉద్యోగాల్లో గ్రూప్ ఎ, బి పోస్టుల్లో 75 శాతం, సి లో 80 శాతం, డి లో 85 శాతం స్థానికులకే. ఇక్కడి కాలేజీ సీట్లలో 70 శాతం, రాష్ట్రంలోని మిగతా చోట్ల 8 శాతం.

ఇక్కడ తెలుగు పాఠకులు గుర్తుంచుకోవాల్సిన విషయం ఒకటుంది. 371(జె)కి ఇంట్లో మాట్లాడే భాషతో నిమిత్తం లేదు. ఈ ప్రాంతంలో పుట్టినవాళ్లు, నిబంధన ప్రకారం ఇక్కడ నివాసం ఉన్నవాళ్లు స్థానికులే. ఔరాద్‌లోనో, గుర్మిట్కల్‌లోనో తెలుగింట్లో పుట్టిన పిల్లకు ఇంజినీరింగ్, వైద్య సీటు వేటలో ఆ ధ్రువపత్రం కన్నడ ఇంటి పిల్లకెంత అక్కరకొస్తుందో అంతే వస్తుంది. 1976లో ఖాళీలు నింపిన మంత్రి, 2012కి వచ్చేసరికి ఖాళీల్లో వాటాను రాజ్యాంగంలోనే రాయించడంలో ముందు నిలిచారు. రెండు పనులకూ మధ్య ముప్పై ఆరేళ్లు. ఆలోచన మాత్రం ఒక్కటే.

ఆగిన ప్రసంగం

2013 జూన్‌లో రైల్వే మంత్రి పదవి. 2014 ఫిబ్రవరి 12న లోక్‌సభలో తాత్కాలిక రైల్వే బడ్జెట్ చదవడానికి ఖర్గే లేచారు. ఆ రోజు తెలుగువాళ్లెవరూ మరచిపోలేరు. తెలంగాణ బిల్లు వేడిలో సీమాంధ్ర ఎంపీలు, చివరికి కేంద్ర మంత్రులు సైతం వెల్‌లోకి దూసుకొచ్చారు. గొడవలో ప్రసంగం సాగలేదు. మధ్యలో ఆపేసి, మిగతాది చదివినట్లుగా భావించాలంటూ సభకు సమర్పించారు. పాత హైదరాబాద్ రాజ్యంలో పుట్టిన మంత్రి ప్రసంగాన్ని అదే రాజ్యం తాలూకు మరో తగువు ఆపేసింది!

రైల్వే మంత్రిగా ఆయన తలపెట్టిన కలబురగి రైల్వే డివిజన్ ఆ తర్వాత ఏళ్ల తరబడి కాగితాల మీదే ఉండిపోయింది. బీదర్‌వాసులు దశాబ్దాలుగా ఎదురుచూసిన 110 కిలోమీటర్ల బీదర్-కలబురగి లైను మాత్రం 2017 అక్టోబరు 29న ప్రధాని నరేంద్ర మోదీ చేతుల మీదుగా మొదలైంది. ఆ లైను ఘనత ఎవరిదన్న వాదన రెండు పార్టీల మధ్య చాన్నాళ్లు నడిచింది.

ఓటమి.. ఆ తర్వాత సంజీవయ్య వరస

2014లో మోదీ గాలిలోనూ గుల్బర్గా నిలబెట్టుకున్న ఖర్గే లోక్‌సభలో కాంగ్రెస్ పక్ష నేత అయ్యారు. 2019లో మాత్రం సరదార ఓడారు. వరసగా పదకొండు గెలుపుల తర్వాత తొలి ఓటమి. గెలిచింది భాజపా అభ్యర్థి ఉమేశ్ జాదవ్. అంతకుముందు చించోళిలో కాంగ్రెస్ ఎమ్మెల్యే ఆయనే. తేడా 95 వేల పైచిలుకు ఓట్లు. ఏళ్లకేళ్లు ఒకే కుటుంబం చేతిలో అధికారం ఉన్నా వలసలు తగ్గలేదన్న అసంతృప్తి ఆ ఓటమిలో కొంత పనిచేసింది.

అక్కడితో కథ ముగిసిందనుకున్నారు. 2020లో ఏకగ్రీవంగా రాజ్యసభకు ఎన్నికయ్యారు. 2021లో అక్కడ ప్రతిపక్ష నేత. 2022 అక్టోబరులో శశిథరూర్‌పై 7,897 ఓట్లతో గెలిచి కాంగ్రెస్ అధ్యక్షుడయ్యారు. థరూర్‌కు వచ్చినవి 1,072. గాంధీ కుటుంబం బయటి వ్యక్తి ఆ పదవిలోకి రావడం 24 ఏళ్లలో అదే మొదటిసారి. కర్ణాటక నుంచి నిజలింగప్ప తర్వాత ఈయనే.

దళితుల్లో ఈ పదవి తొలిసారి చేపట్టింది మన దామోదరం సంజీవయ్య. కర్నూలు జిల్లా పెదపాడులో పుట్టి 1960లో ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి, 1962లో కాంగ్రెస్ అధ్యక్షుడు, ఆ తర్వాత కేంద్ర కార్మిక మంత్రి అయ్యారు. సంజీవయ్య, జగ్జీవన్‌రామ్‌ల తర్వాత ఖర్గేది మూడో పేరు. కార్మిక మంత్రి పదవి ముగ్గురూ చేసినదే. సంజీవయ్యకు దక్కిన సీఎం కుర్చీ మాత్రం ఖర్గేకు దక్కలేదు.

అధ్యక్షుడయ్యాక తెలంగాణకూ వచ్చారు. 2023 ఆగస్టు 26న చేవెళ్ల సభలో కాంగ్రెస్ ఎస్సీ, ఎస్టీ డిక్లరేషన్ విడుదల చేసింది ఖర్గేనే. ఆ ఏడాది కర్ణాటక, తెలంగాణ రెండు చోట్లా పార్టీ గెలిచింది.

వేలెత్తి చూపేవాళ్లూ ఉన్నారు

వారసత్వ రాజకీయాలన్న విమర్శ ఖర్గేను వదల్లేదు. చిత్తాపూర్‌లో కుమారుడు ప్రియాంక్ ఎమ్మెల్యే. 2023లో ఆయనకు దక్కిన శాఖల్లో గ్రామీణాభివృద్ధి, పంచాయతీరాజ్ ఒకటి. 1978లో తండ్రి చూసిన శాఖే అది. 2024లో గుల్బర్గా లోక్‌సభ సీటును అల్లుడు రాధాకృష్ణ దొడ్డమని గెలిచారు. అదే ఏడాది ఖర్గే కుటుంబానికి చెందిన సిద్ధార్థ విహార ట్రస్టుకు బెంగళూరు వద్ద అయిదెకరాల స్థలం కేటాయించడంపై భాజపా దుమ్మెత్తిపోసింది. అక్టోబరులో ట్రస్టు ఆ స్థలాన్ని తిరిగి ఇచ్చేసింది. కలబురగి శివార్లలో 2009 జనవరి 7న రాష్ట్రపతి ప్రతిభాపాటిల్ ప్రారంభించిన బుద్ధవిహారం కూడా ఈ ట్రస్టుదే.

లెక్క తేలని పద్దు

అన్నిటికంటే గట్టి ప్రశ్న విమర్శకులది కాదు, మార్కుల జాబితాది. 2011 జనాభా లెక్కల్లో రాష్ట్ర అక్షరాస్యత 75.36 శాతం. బీదర్ 70.51. గుర్మిట్కల్ ఉన్న యాదగిర్ జిల్లా 51.83 శాతంతో రాష్ట్రంలో అట్టడుగున ఉంది. పదో తరగతి ఫలితాల్లో 2024లో చివరి స్థానం యాదగిర్‌ది. 2025 తొలి పరీక్ష ఫలితాల్లో 42.43 శాతంతో చివర నిలిచింది కలబురగి. ఎనిమిదిసార్లు గెలిపించిన సీమ, రెండుసార్లు లోక్‌సభకు పంపిన జిల్లా.. రెండూ ఒకదాని తర్వాత ఒకటి అట్టడుగున నిలిచాయి!

బీదర్ కొంత మెరుగు. పశువైద్య విశ్వవిద్యాలయం, ప్రభుత్వ వైద్య కళాశాల, సొంత విశ్వవిద్యాలయం జిల్లాకు వచ్చాయి. నీట్ శిక్షణకు ఎక్కడెక్కడి నుంచో పిల్లలు ఇక్కడికి వస్తున్నారు. పైమెట్లు కట్టారు సరే. కిందిమెట్టు, అంటే ఊరి బడి మాటేమిటి? 371(జె) వచ్చాక కూడా టీచరు పోస్టుల ఖాళీల మీద ఈ ప్రాంతంలో ఆందోళనలు ఆగలేదు.

1976, 77ల్లో చాక్‌పీసు పట్టిన ఆ పదహారు వేల మంది పంతుళ్లు ఈపాటికి రిటైరైపోయారు. వాళ్ల చేతి కింద అక్షరాలు దిద్దినవాళ్లలో ఎందరో సార్లూ, టీచరమ్మలూ అయ్యారు. వరవట్టిలో ఇల్లు కాలిన పిల్లాడు చేసిన ఆ ఒక్క సంతకం ఎన్ని ఇళ్లలో దీపం పెట్టిందో లెక్కగట్టడం కష్టం. ఖాళీ కుర్చీ ఎంత చేటో తెలిసిన మంత్రి కాబట్టే ఆ సంతకం పడింది. బీదర్, కలబురగి, యాదగిర్ బడుల్లో ఇప్పుడు ఖాళీగా ఉన్న కుర్చీలూ అలాంటి సంతకం కోసమే ఎదురుచూస్తున్నాయి. అది చేసేది ఏ పార్టీ మంత్రయినా సరే.

ప్రస్థానం ఇలా..

1942: భాల్కి తాలూకా వరవట్టిలో జననం
1969: కాంగ్రెస్‌లో చేరిక
1972: గుర్మిట్కల్ నుంచి తొలి గెలుపు
1976: ప్రాథమిక విద్యాశాఖ సహాయ మంత్రి
1980: రెవెన్యూ మంత్రి
1999: హోంమంత్రి
2005: కర్ణాటక ప్రదేశ్ కాంగ్రెస్ అధ్యక్షుడు
2009: కేంద్ర కార్మిక మంత్రి
2013: రైల్వే మంత్రి
2019: తొలి ఓటమి
2021: రాజ్యసభలో ప్రతిపక్ష నేత
2022: కాంగ్రెస్ అధ్యక్షుడు